సాంచాల కప్పు మీద తీతువు

సుమనకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, తనకు వచ్చిన రోగం బిడ్డకు అంటుకుందేమోనని. తాను పోతానేమోనన్న భయం కూడా ఉండేది, జ్వరం కొత్తలో, ఛాతీ మీద ఎవరో తడిపిన గోనెసంచి పరిచినట్టు ఉన్నప్పుడు; అది వచ్చింది, కొన్నాళ్లుంది, పోయింది. ఇది పోలేదు. ఇప్పుడు తెల్లారుతోంది. సూరత్ డిండోలిలో ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకుకూ రేకుల గదికీ మధ్య, చాప మీద బోర్లా పడుకుని, నూలు వేస్టు కుక్కిన సంచి మీద మూరెడు పొడుగు లెన్సు ఆనించి, కంటిని కెమెరాకు అదిమిపెట్టి ఆమె ఒక తలుపు వైపు చూస్తోంది. ఎదుటి ఇంటి రెండో అంతస్తు బాల్కనీలో ఆకుపచ్చ తలుపు. రోజూ ఈ వేళకు తెరుచుకునేది. నిన్న తెరుచుకోలేదు. నిన్నంతా ఎండలో కళ్లు మండేదాకా చూసింది, తెరుచుకోలేదు.

ఆ తలుపు వెనక హారతి ఉంది. రెండేళ్లు దాటిన పిల్ల. మాట్లాడితే సగం తెలుగు, సగం హిందీ, పిట్టల పేర్లు మాత్రం గుజరాతీ. సుమనకు కరోనా అని తేలిన పొద్దునే మొగుడు పరమేశ్ పిల్లను భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా, తన మేనత్త నర్సవ్వ ఇంటికి తీసుకుపోయాడు. వెనక్కి చూడొద్దని సుమనే చెప్పింది. చూస్తే పిల్ల ఏడుస్తుంది, పిల్ల ఏడిస్తే తాను మెట్లు దిగుతుంది, దిగితే అంతే. ఒక్క గది కాపురం, ఒక్కటే మంచం, ఒక్కటే ఫ్యాను, దూరంగా ఉండమంటే ఆ ఇంట్లో దూరం ఎక్కడుంది? కింది అంతస్తులో ఉండే ఇంటి యజమాని తల్లి, అందరూ బా అని పిలిచే ముసలామె, డాబా మీది రేకుల గదిలో పాత సామాను తీయించి ఇచ్చింది. పరమేశ్ మెట్ల మీద పళ్లెం పెట్టి, గంటెతో టంగుమని కొట్టి దిగిపోతాడు. నర్సవ్వ ఇల్లు దూరమేమీ కాదు, మధ్యలో మూసిపడ్డ సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాలది, దాని వెనక ఒక సందు, అంతే. కానీ ఉత్త కంటికి ఆ బాల్కనీ అగ్గిపెట్టంత, అందులో పిల్ల అగ్గిపుల్ల తలంత. లెన్సులో మాత్రం హారతి ముక్కు కింద ఎండిన చారిక కూడా కనబడుతుంది. అదీ ఈ పొద్దుటి గంటే. ఎండ ఎక్కితే కార్ఖానా కప్పు కాగుతుంది, గాలి మరిగే నీళ్లలా కదులుతుంది, మొహం అనుకున్నది కరిగి గోడలో కలిసిపోతుంది. అందుకని ఆమెకు రోజంటే ఈ గంటే. నర్సవ్వ పిల్లను ఎత్తుకుని వస్తుంది, ఇటు వేలు చూపిస్తుంది, పెదాలు కదులుతాయి, అగో మీ అమ్మ అంటోందని సుమనకు తెలుస్తుంది, హారతి చూస్తుంది, కానీ ఎప్పుడూ ఇటు చూడదు, కొంచెం కిందికి, కార్ఖానా కప్పు మీది పిట్టను చూస్తుంది. రెండేళ్ల పిల్లకు తల్లి మొహం ఎన్నాళ్లు గుర్తుంటుంది? ఎవరినడగాలి ఈ సంగతి? మరిచిపోతే మరిచిపోనీ, ఊపిరాడుతూ ఉంటే చాలు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవచ్చు, నేనే మీ అమ్మను అని. తలుపు తెరుచుకోవాలి, ముందు.

నిన్న ఫోన్ చేసింది. నర్సవ్వది బటన్ల ఫోను, మనిషి కనబడదు, గొంతే. మంచిగున్నది బిడ్డా, బువ్వ తిన్నది, పండుకున్నది, నువ్వు రంది పెట్టుకోకు, అంది. అంతే, పెట్టేసింది. నర్సవ్వ ఎప్పుడన్నా అట్లా మాట్లాడిందా? మొన్నటిదాకా ఫోనెత్తితే తిట్లే. ఏందే సుమనా, పిల్లను కన్నవా సుడిగాలిని కన్నవా, నా ఇంట్ల ఒక్క గిన్నె నిలవడనిస్తలేదు, జల్ది లేచొచ్చి తీస్కపో. ఆ తిట్లు విని సుమన నవ్వుకునేది, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గు విని నర్సవ్వ ఇంకా తిట్టేది. నిన్న తిట్టలేదు. బిడ్డా అంది. తమ వాళ్లలో మెత్తగా మాట్లాడితేనే భయపడాలి, ఈ సంగతి సుమనకు కన్నతండ్రి, బాపు, పోయినప్పుడు తెలిసింది. దూరాన ఉన్నవాళ్లకు చావు కబురు ఫోన్లో చెప్పరు, దారిలో ఏమైపోతారోనని. జర పానం బాగలేదు, రాండ్రి, అంటారు, అంతే. పెద్దబాపు ఎప్పుడూ ఆమెను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఆ రోజు మాత్రం, బాపుకు జర నలతగున్నది బిడ్డా, నింపాదిగ రా, అన్నాడు. ఆమె కొత్త పెళ్లికూతురు అప్పుడు. బాపుకు నాన్‌ఖటాయి బిస్కెట్లంటే ఇష్టం, పళ్లు లేకున్నా చాయిలో ముంచుకుని తింటాడు, స్టేషన్ బయట ఒక డబ్బా కొని, రైలంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నలగకుండా. పరమేశ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు, ఆమె వైపు తిరగలేదు. ఆయనకు తెలుసు. రైల్లో పక్క సీటు ఆడమనిషికి కూడా తెలిసినట్టుంది, నీళ్లిచ్చింది అడగకుండానే. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయి, వాకిట్లో ఊడ్చిన చీపురు గీతలు. ఆ డబ్బా ఏమైందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ఫోన్లో ఎవరన్నా మెత్తగా ‘బిడ్డా’ అంటే ఆమె మిగతా మాట నమ్మదు. నిన్న సాయంత్రం పరమేశ్‌ను పంపింది, పోయి చూసి రా అని. ఆయన పోయాడు, వచ్చి మెట్ల కింద నిలబడి, తలుపు తియ్యలేదు, లోపల్నించే మంచిగున్నది పో అన్నది అత్త, అని చెప్పాడు. నువ్వు ఊకె పరేషాన్ కాకు, అని కూడా అన్నాడు, మెత్తగా. ఆయన కూడా మెత్తగా.

అందుకే మాట నమ్మకుండా లెన్సును నమ్ముతోంది. లెన్సు తమ్ముడిది. రవీంద్ర సూరత్‌లో మన వాళ్ల పెళ్లిళ్లన్నిటికీ ఫొటోలు తీసేవాడు. మండపం అవతల చివర నిలబడి, పెళ్లికూతురు కళ్లలో నీళ్లు తిరిగితే ఇక్కడి నుంచే పట్టాలని, సెకండ్‌హ్యాండ్‌లో ఈ పెద్ద లెన్సు కొన్నాడు. కొన్న నెలకే లాక్‌డౌన్. పెళ్లిళ్లు లేవు, రైళ్లు లేవు, అక్క ఇంట్లో చిక్కుకుపోయాడు. మిల్లుల పొగగొట్టాలు చల్లబడ్డాయి, సాంచాల చప్పుడు ఆగింది, ఆ చప్పుడు ఆగేదాకా అది ఉందని కూడా ఎవరికీ గుర్తులేదు, ఆగాక చెవుల్లో గుయ్యిమంది, తర్వాత ఒక్కొక్కటే పిట్టలు వినబడ్డాయి. డాబా ఎక్కి రవీంద్ర పిట్టల ఫొటోలు తీశాడు, అక్కకు నేర్పాడు. చంకలో చంటి హారతి, మెడలో కెమెరా. పిట్టను పట్టుకుందామని లెన్సు తిప్పితే పిట్ట ఉండదు, ఆకాశం ఉంటుంది. నీ పిట్టలన్నిటికి తోకలే ఉన్నయి అక్కా, తలకాయలు లెవ్వు, అని వాడు వెక్కిరించేవాడు. ఊపిరి బిగబట్టి నొక్కు, అనేవాడు. ఈ లెన్సు పెద్దది, ఇంత కదిలితే అక్కడ అంత కదుల్తది, ఊపిరి విడిస్తే పిట్ట బూడిదైతది. నేర్చుకుంది. ఏడో తరగతి సైన్సు పుస్తకంలో వెనక పేజీల్లో లెన్సు బొమ్మ ఉండేది, కొవ్వొత్తి ఇటు, తలకిందులు కొవ్వొత్తి అటు. ఆ పాఠం రాకముందే ఆమెను బడి మాన్పించి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు, కొవ్వొత్తి ఎందుకు తలకిందులైందో తెలియకుండానే పోయింది. తెలియకపోయినా పిచ్చుకలు వచ్చాయి, తేనెపిట్ట వచ్చింది, డిండోలి చెరువు మీంచి కొంగలు వరుసగా పోతుంటే వరుస తెగకుండా పట్టింది. రైళ్లు తిరగ్గానే రవీంద్ర ఊరికి పోయాడు, మళ్లీ పెళ్లిళ్లు మొదలైతే వస్తానని కెమెరా ఇక్కడే వదిలాడు. తేమ తగలనియ్యకు అక్కా అన్నాడు గదా అని సుమన దాన్ని గుడ్డలో చుట్టి, వేపాకుతో సహా బియ్యం డబ్బాలో దాచింది. ఫోన్లో విని వాడు పడి పడి నవ్వాడు. పురుగు పట్టదులే, అన్నాడు.

జ్వరం తగ్గుముఖం పట్టాక కెమెరా పైకి పంపమంది. మొదటి రోజు ఊపిరి బిగబడితే దగ్గు తెరలు తెరలుగా వచ్చి, హారతి నాలుగు హారతులైంది తెర మీద. డాక్టరు వేలికి పెట్టుకునే మిషను ఇచ్చి దాని అంకె చూసుకోమన్నాడు, ఆమె అదీ చూసుకుంది, కానీ తన లోపల ఎట్లా ఉందో ఆమెకు తెలిసింది ఫొటోల్లోనే. రోజు రోజుకూ బాల్కనీ కటకటాలు కుదురుకున్నాయి, పిల్ల జడకు కట్టిన రబ్బరు బ్యాండు రంగు తెలిసింది. దిగొచ్చమ్మా, ఇక నీ నుంచి ఎవరికీ అంటదు, అని డాక్టరు మొన్ననే ఫోన్లో చెప్పాడు. పరమేశ్ గది కడిగి దుప్పట్లు ఉతికాడు. ఆమె దిగలేదు. ఇంకా రెండ్రోజులు ఉంటానంది. డాక్టరుకేం, చెప్తాడు, ఆయన బిడ్డా? ఏ మూలో ఒక తునక మిగిలి ఉంటే, ముద్దు పెట్టుకున్నప్పుడు అది పిల్లకు పోతే? రెండ్రోజులు, ఇంకో రెండ్రోజులు. దిగి ఉంటే మొన్ననే పిల్ల తన దగ్గర ఉండేది, నిన్న ఆ తలుపు వెనక ఏం జరిగిందో అది జరగకపోయేదేమో. ఈ మాట రాగానే దాన్ని పక్కకు తోసేసింది, లెన్సు తిప్పి కప్పు మీదికి తెచ్చింది, ఒక్క క్షణం, కళ్లకు వేరే పని ఇద్దామని.

కప్పు మీద తీతువు అరుస్తోంది. చిన్నప్పుడు ఇంటి మీంచి తీతువు అరుచుకుంటూ పోతే అమ్మ పొయ్యిలో ఉప్పు గల్లు వేసి తుపుక్కుమనేది, ఎవరింటికో మూడింది అనేది. ఆ పిట్ట వచ్చి సరిగ్గా తన ఎదుట, మూసిన కార్ఖానా కప్పు మీద, కంకర మిగిలిపోయిన మూలన గుడ్లు పెట్టింది, పెట్టిన వారానికే సుమనకు జ్వరం వచ్చింది. ఇంకేముంది, అయిపోయిందనుకుంది. రాళ్లేసి వెళ్లగొట్టమని పరమేశ్‌ను బతిమాలింది. కింది నుంచి బా విని, మెట్ల దగ్గరికి వచ్చి, మాస్కు లోంచే తగువుకు దిగింది. టిటోడీ, ఆమె భాషలో తీతువు, అంత ఎత్తున గుడ్లు పెట్టిందంటే ఈసారి వానలు బాగా పడతాయని అర్థమట, నేల మీద పెట్టిన ఏడు కరువేనట, దాని మీద చెయ్యి వేస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంది. ఒక్కటే పిట్ట, ఒక్కటే అరుపు, ఆ రాష్ట్రంలో చావు, ఈ రాష్ట్రంలో వాన. ఇద్దరు ముసలివాళ్లలో ఎవరి మాట నమ్మాలో తెలియక సుమన లెన్సు పెట్టి చూసింది. కంటి ముందు ఎర్రటి తోలు, పసుపు కాళ్లు, నల్లటి రొమ్ము. పెళ్లికి కొత్త చొక్కా వేసుకొచ్చిన మనిషిలా ఉంది. చూడగా చూడగా దాని అరుపుకు లెక్క తెలిసింది. గద్ద నీడ పడితే అరుస్తుంది, పిల్లి గోడెక్కితే అరుస్తుంది, మైకు పట్టుకుని మున్సిపాలిటీ బండి వస్తే అరుస్తుంది. మధ్యాహ్నం కప్పు పెనంలా కాలినప్పుడు అరుపు మానేసి, కార్ఖానా ట్యాంకు పైపు కారే చోటికి పోయి, పొట్ట ఈకలు నీళ్లలో ముంచుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, చల్లబరచడానికి. ఆ ఫొటో చూసినప్పుడు సుమన ఏడ్చింది, ఎందుకో తెలియదు, జ్వరంలో తడిగుడ్డ గుర్తొచ్చిందేమో. ఇప్పుడు మళ్లీ అరుస్తోంది, గూడు చోటు వదిలి కప్పంతా పరుగెడుతోంది, గూట్లో గుడ్లు కనబడటం లేదు. నిన్న తలుపునే చూస్తూ గూడు సంగతే మరిచింది. పిల్లి ఎత్తుకుపోయిందా? అన్ని గుడ్లూనా? వద్దు, చూడొద్దు, ఇదొక శకునం కావద్దు. లెన్సు మళ్లీ తలుపు మీదికి.

ఎండ ట్యాంకు అంచు తాకింది. ఇంకాసేపైతే గాలి మరుగుతుంది. దూరాన అంబులెన్సు ఒకటి ఉధ్నా వైపు కూసుకుంటూ పోయింది, ఆ నెలంతా అదే కూత, కాకులు కూడా లెక్కచెయ్యడం మానేశాయి.

తలుపు కదిలింది.

ఆకుపచ్చ రెక్క లోపలికి పోయి, ఆగయ్య బయటికి వచ్చాడు. నర్సవ్వ పెనిమిటి. ఒక్కడే. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. చంకలో పిల్ల లేదు. ఆగయ్య జీవితమంతా సాంచాల మధ్య నిలబడ్డాడు, చెవులు రెండూ ఆ చప్పుడుకే పోయాయి, ఫోను ఆయనకు ఉత్త డబ్బా. కానీ సాంచాల మధ్య ఎవరికి మాత్రం చెవులతో పని? అక్కడ మాటలన్నీ చేతుల్తోనే. పోగు తెగితే రెండు వేళ్లు కొక్కెంలా కలిపి తెంపాలి. సాంచా సాఫుగా నడుస్తుంటే మోచెయ్యి పోగును మోసే నాడెలా అటూ ఇటూ ఆడించాలి. చాయికి బొటనవేలు పెదవి మీద. సేఠ్ వస్తున్నాడంటే పొట్ట ముందు ఇంత గుండ్రం. చెయ్యి తల మీద గిరగిరా తిప్పితే, సాంచాలు బాగుచేసే మాస్టర్‌ను పిలువు, అన్నీ ఆపు, నా ఒక్కడితో కాదు, అని. సుమన చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకుపోయి ఇవన్నీ నేర్చుకుంది. కొత్త కోడలిగా మొదటిసారి ఆగయ్య ఇంటికి పోయినప్పుడు, అందరూ ఆయన చెవిలో అరుస్తుంటే, ఆమె దూరం నుంచి బొటనవేలు పెదవికి ఆనించింది, చాయి కావాల్నా మామా అని. ముసలాయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ చేతి సైగల్లో మెత్తగా చెప్పడం అనేది లేదు. తెగిన పోగును నడుస్తోందని చూపిస్తే గుడ్డ పాడైపోతుంది, పక్కవాడి వేలు పోతుంది. ఆ పనిలో పెరిగినవాళ్లు ఎవరూ అట్లా చూపించరు.

ఆగయ్య ఇటు తిరిగాడు. ఆమె ఆయనకు కనబడదు, అయినా ఈ డాబా మీద పెద్ద కన్నొకటి ఉందని తెలుసు, పొద్దున పొద్దున మనవరాలికి చూపించేది ఇదే. తువ్వాలు సర్దుకుని రెండు చేతులూ ఎత్తాడు. ముందు అరచెయ్యి మోకాలి ఎత్తున పెట్టాడు. పిల్ల. సుమన కెమెరా బటన్ మీద వేలు ఉంది, వేలు మీద ప్రాణం ఉంది. తర్వాత ఆయన మోచెయ్యి లేచింది, అటూ, ఇటూ, అటూ, ఇటూ, నూనె వేసిన నాడెలా. నడుస్తోంది. సాఫుగా నడుస్తోంది. ఆయన కాళ్ల సందులోంచి హారతి దూరి వచ్చింది, చేతిలో కొరికిన రొట్టెముక్క, జుట్టు దువ్వక కాకిగూడు, కటకటాలు పట్టుకుని కప్పు వైపు వేలు చాపి గంతులు వేస్తోంది, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. గంతులు వేస్తోంది. జ్వరమొచ్చిన పిల్ల గంతులు వేస్తుందా? లోపల ఎక్కడో ముడి వీడింది, ఎంత వేగంగా వీడిందంటే ఆగయ్య చేతులు ఇంకా ఆగలేదన్న సంగతి ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఆయన తన ముక్కు పక్కన రెండు వేళ్లు పెట్టాడు, నర్సవ్వ ముక్కుపుల్ల ఉండే చోట. అరచెయ్యి చెంపకింద పెట్టి వాలాడు. రెండు వేళ్లు కొక్కెంలా కలిపి, తెంపాడు. మళ్లీ తెంపాడు. చెయ్యి తల మీదికి ఎత్తి గిరగిరా తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, భుజం నొప్పి పుట్టేదాకా, చూస్తున్నారో లేదో తెలియని డాబా వైపు. సుమన నొక్కింది. ఆ చెయ్యి, ఆ వేళ్లు, వేళ్ల మీది ముడతలు, ఒక్క గీత చెదరకుండా తెర మీద నిలిచాయి. అప్పుడు తెలిసింది ఆమెకు, ఆయన మొదటి చెయ్యి ఎత్తినప్పటి నుంచి తాను ఊపిరి బిగబట్టే ఉందని. దగ్గు రాలేదు. వదిలితే ఊపిరి మెల్లగా, పొడుగ్గా, చివరిదాకా పోయింది.

నిన్న మెత్తగా మాట్లాడింది అందుకేనన్న మాట. పిల్ల సంగతి దాచలేదు, తన సంగతి దాచింది. తలుపు తియ్యనిది కూడా అందుకే. పిల్లకు కాదు అని తేలగానే తనకు కలిగిన హాయి గుర్తొచ్చి సుమనకు సిగ్గేసింది, అదే నిమిషంలో అక్కడ ఒక మనిషి వాలిపోయి ఉంది. సిగ్గుపడటానికి కూడా ఇప్పుడు తీరిక లేదు. మెట్ల మొదట్లోకి పోయి పరమేశ్‌ను పిలిచింది. ఇన్నాళ్లలో మొదటిసారి గొంతు చీలకుండా వచ్చింది. పరమేశ్ సబ్బు నురగ మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు.

“పోయి అత్తమ్మను దవాఖానకు తీస్కపో. తలుపు కొట్టుకుంట నిలవడకు, తోసుకొని పో.”

“అంతా మంచిగనే ఉన్నది అన్నది గదనే నిన్న.”

“గందుకే చెప్తున్న.”

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకూ ఆ రైలు గుర్తొచ్చిందేమో, తువ్వాలుతో నురగ తుడుచుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. వేలికి పెట్టే మిషను ఆమె మెట్ల మీది నుంచి విసిరితే గాల్లోనే పట్టుకున్నాడు. పిల్లను ముందు నా దగ్గర దించి పో, అని వెనక నుంచి అంది, అని తానే ఉలిక్కిపడింది. నా దగ్గర. ఎవరైనా వద్దంటారేమోనని ఆగింది, అనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

మళ్లీ లెన్సు దగ్గరికి. గాలి అప్పుడే కదలడం మొదలైంది, బాల్కనీ అంచులు అలలు అలలుగా ఉన్నాయి. సందు చివర ఆటో ఆగింది. కాసేపటికి నర్సవ్వ బయటికి వచ్చింది, పరమేశ్ రెక్క పట్టుకున్నాడు, నడుస్తోంది కానీ రెండడుగులకోసారి ఆగుతోంది, గోడ పట్టుకుంటోంది. మాస్కు గదవ కిందికి జారింది. ఆగినప్పుడల్లా ఆమె నోరు కదులుతోంది. ఏమంటోంది? సుమన వేలితో లెన్సు వలయం తిప్పి మొహం మీదికి తెచ్చుకుంది. పరమేశ్ మొహంలో చెయ్యి ఊపుతూ, ఆగయ్య వైపు తిరిగి వేలు చూపిస్తూ, ఆటో మెట్టు ఎక్కబోతూ ఆగి, తల ఎత్తి, సరిగ్గా ఈ డాబా వైపు, సరిగ్గా లెన్సులోకి, పిడికిలి బిగించి ఊపింది. తిడుతోంది. దేవుడా, తిడుతోంది. సుమన నవ్వింది, నవ్వుతూ ఫొటో తీస్తే కదిలిపోయింది, ఆ పిడికిలి ఇప్పటికీ ఆ ఫొటోలో పొగలాగే ఉంటుంది.

మెట్లు దిగడం అంత కష్టమని ఆమె అనుకోలేదు. పై మెట్టు మీద ఒక కాలు, కింది మెట్టు మీద ఒక కాలు, మెడలో కెమెరా బరువు. కింద వాకిట్లో బా కుర్చీ వేసుకుని కూర్చుంది, పక్కన హారతి, ఆటో తేవడానికి పోతూ పరమేశ్ దింపిపోయిన చోటే, రొట్టెముక్క ఇంకా చేతిలోనే. సుమన చివరి మెట్టు దగ్గర కూర్చుండిపోయింది. చేతులు చాపలేదు. చాపితే రాకపోతే? పిల్ల ఆమెను చూసింది, మాస్కును చూసింది, మెడలో ఉన్న కెమెరాను చూసింది, చాలాసేపు చూసింది, దారిలో కలిసిన వాళ్లను చూసినట్టు. సుమన మాస్కు తీసి, ఊపిరి మెల్లగా వదిలింది. అప్పుడు హారతి పరుగెత్తుకొచ్చి ఆమె మోకాలు పట్టుకుని ఊపేస్తూ, ఎప్పుడో ఆపిన మాటను అందుకున్నట్టు, “అమ్మా, టిటోడీ బచ్చా! కల్ ఆయా! చలో చూద్దాం!” అంది. ఇన్ని రోజులు ఎక్కడ పోయావని అడగలేదు. చూపించడానికి కొత్తది ఉంది, తల్లి వచ్చింది, అంతే.

ఆమె పిల్లను ఎత్తుకుని మళ్లీ అన్ని మెట్లూ ఎక్కింది, మధ్యలో రెండుసార్లు ఆగి. ఎండ వచ్చేసింది, లెన్సులో కప్పంతా మరుగుతోంది, ఏమీ తెలియడం లేదు, కంకర, నీడ, కంకర. హారతి తన చిన్న వేలితో, లెన్సు లేకుండానే, అగో అంది. ట్యాంకు పైపు కారే చోట కంకర రాయి ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి. పుల్లల్లాంటి కాళ్ల మీద బొంతముక్కల్లాంటి పిల్లలు, తల్లి అరిస్తే రాళ్లై, అరుపు ఆగితే పిల్లలై. నిన్న తాను తలుపును చూస్తున్నప్పుడు, పిల్ల ఏ కిటికీలోంచో చూస్తున్నప్పుడు, గుడ్లలోంచి వచ్చినవి. ఆమె లెన్సు సర్దింది, పిల్లను ఒళ్లో బిగించింది, ఇద్దరూ ఊపిరి బిగబట్టారు, హారతి బుగ్గలు ఉబ్బించి మరీ. మరిగే గాలిలో ఆ ఫొటో ఏమంత బాగా రాలేదు. రవీంద్రకు పంపితే, ఈసారి తలకాయలు ఉన్నయి అక్కా, అంటాడు.

కప్పు అవతల బాల్కనీలో ఆగయ్య ఇంకా నిలబడే ఉన్నాడు, ఆటో పోయిన వైపు చూస్తూ. ఆయనకూ జ్వరం వస్తుందో రాదో తేలేదాకా ఆ ఇంట్లో ఒక్కడే. సుమన డాబా మీద లేచి నిలబడి మోచెయ్యి ఆడించింది, అటూ, ఇటూ, పిల్ల మంచిగుంది మామా, అత్తమ్మ తిట్టుకుంట పోయింది, అంటే మంచిగనే ఉంటది. ఆయన దగ్గర లెన్సు లేదు. ఆయనకు ఈ డాబా అగ్గిపెట్టంత, ఈ చెయ్యి అగ్గిపుల్లంత.

అందుకని, మీది డిండోలి వైపు దారి అయితే, మూసిన సాంచాల కార్ఖానా వెనక సందులోకి ఒకసారి తిరగండి. ఆకుపచ్చ తలుపు, రెండో అంతస్తు. ఫోన్ చెయ్యకండి, తలుపు కొట్టకండి, వినబడదు. కింద దూరంగా నిలబడి చెయ్యి పైకెత్తి ఊపండి, ఆయన చూస్తాడు. మోచెయ్యి అటూ ఇటూ ఆడిస్తే, మీరూ అట్లాగే ఆడించి మీ దారిన పోవచ్చు. రెండు వేళ్లు కలిపి తెంపితే మాత్రం ఆగి, పైకి పొండి. నర్సవ్వ తిరిగి వచ్చి ఆయన్ను తిట్టేదాకా, రోజుకొక్కరైనా సరే, ఆగయ్య ఎట్లున్నాడో చూసి రండి.